ద్వారమువద్ద చూపు చీటి

కొన్ని సంవత్సరముల క్రిందట మా కేంద్రమునకు ఒక మృదంగ విద్వాంసులు రికార్డింగునకు వచ్చిరి. ముప్పది యేండ్లకు పైగా మా స్టూడియోలలో వాయించినవారు. వరండాలో వారి అడుగుల చప్పుడు విని, వచ్చినది ఎవరో చెప్పగలవారు మా సిబ్బందిలో పలువురు కలరు. ముందునాడు జరుగవలసిన రికార్డింగు, గాయకునకు గొంతు బాగుండక, మరునాటికి వాయిదాపడినది. విద్వాంసుల చేతిలోని గేటు పాసు మాత్రము ముందునాటిదే. ద్వారమువద్ద ఆ వారమే పనిలో చేరిన కాపలాదారు ఉండెను. అతడు పాసు చూచి, తేదీ చూచి, వినయముగనే వారిని నిలిపివేసినాడు. మృదంగము ప్రక్కన పెట్టుకొని ఆ పెద్దలు గేటు బయట బల్లమీద కూర్చుండిరి.

సంగతి తెలిసి మేము పరుగున పోయితిమి. కాపలాదారును మందలింపబోగా అతడు చెప్పిన సమాధానము ఇది: "వారెంత పెద్దవారో నాకు తెలియదండి. నాకు తెలిసింది మీ ఆఫీసు సంతకం ఒక్కటే. ఆ సంతకం నిన్నటికి చేశారు, ఇవాళ్టికి చేయలేదు."

క్రొత్త పాసు వ్రాసి యిచ్చితిమి. రికార్డింగు ఇరువది నిమిషములు ఆలస్యముగా ఆరంభమైనది. విద్వాంసులు కోపగించుకొనలేదు, "కుర్రవాడు తాళం తప్పడు" అని నవ్విరి. మాకు మాత్రము కొన్నాళ్ళు మనస్సులో ములుకువలె ఉండిపోయినది. తప్పు ఆ కాపలాదారుది కాదు. వాయిదా వేసినవారము మేము. పాసు మార్చనివారము మేము.

అట్టి కాపలాదారులు నేడు కంటికి కనబడకుండ లక్షలకొలదిగా పనిచేయుచున్నారు. వారు మనుష్యులు కారు. కంప్యూటరులలో వ్రాసిపెట్టిన ఆజ్ఞలు. మన యింటిలో ఒకరు ఫోను చేతబట్టి బ్యాంకు ఖాతాలో నిలువ చూచుకొందురు. ఇంకొకరు రైలు టిక్కెట్టు కొందురు. పిల్లలు పాఠము తెరతురు. తెరమీద వ్రేలు తాకిన ప్రతిసారి ఫోనులోని ప్రోగ్రాము ఎక్కడో దూరముననున్న కంప్యూటరును ఏదో యొకటి అడుగును. అడుగుటకు అక్కడ ఒక కిటికీ ఉండును. బ్యాంకులో మనుష్యులకు కౌంటరు ఎట్టిదో, ప్రోగ్రాములకు ఆ కిటికీ అట్టిది. ఇంజనీర్లు దానికి పెట్టిన పేరు అప్లికేషన్ ప్రోగ్రామింగ్ ఇంటర్‌ఫేస్. పొడి అక్షరములలో ఏ.పి.ఐ. కొన్ని కిటికీలు అందరికిని తెరచియే యుండును. నేడు వాన కురియునా అని అడిగినవాడు ఎవడైన నేమి? మీ ఖాతాలో నిలువ యెంత అని చెప్పు కిటికీ అట్టిది కాదు. అడిగినవారు మీరే యనియో, మీ అనుమతి పొందినవారే యనియో రూఢియైనగాని అది పెదవి విప్పరాదు. ఇట్టి వానిని రక్షిత ఏ.పి.ఐ.లు అందురు.

ఇందులో ఒక చిక్కు కలదు. ఆ కిటికీకి జ్ఞాపకశక్తి లేదు. వెబ్బు నడచుచున్న హెచ్.టి.టి.పి. అను పద్ధతిలో ప్రతి ప్రశ్నయు క్రొత్త ప్రశ్నయే. అర నిమిషము క్రిందట వచ్చి అడిగినవారే మరల వచ్చిరని కిటికీ తనంత తాను ఎరుగదు. కాబట్టి వచ్చినప్పుడెల్ల మనము ఎవరమో ఋజువు చేసికొనుచుండవలెను.

ప్రతిసారి పేరును, రహస్యపు మాటయైన పాస్‌వర్డును చెప్పిన చాలదా యని తోచవచ్చును. మొదట చేసినది అదియే. కాని అట్లు చేయవలెనన్న ఫోనులోని ప్రోగ్రాము ఆ పాస్‌వర్డును ఎల్లప్పుడు దగ్గర ఉంచుకొనవలెను. ప్రతి కిటికీయు దానిని సరిచూచు ఏర్పాటు ఉంచుకొనవలెను. ఎన్ని చోట్ల ఉండునో అన్ని చోట్ల చిల్లు పడును. అంతకన్న పెద్ద దోషము మరియొకటి. పాస్‌వర్డు ఇచ్చుట యనగా ఇంటి తాళపుచెవుల గుత్తి అంతయు ఇచ్చుట. వంటింటిలోని గిన్నె ఒకటి తెమ్మని ప్రక్కింటి పిల్లవానిని పంపునప్పుడు ఇనుప పెట్టె తాళపుచెవి కూడ వాని చేతికి ఎవరిత్తురు?

ఐనను ఇచ్చిరి. 2000 సంవత్సరము దాటిన మొదటి దశకములో స్నేహితులను కలుపుదుమని వెలసిన వెబ్‌సైట్లు పెక్కు, "మీ ఈమెయిలు పాస్‌వర్డు ఇక్కడ వ్రాయుడు, మీ చిరునామా పుస్తకము చూచి మీ మిత్రులను మేము వెదకి పెట్టుదుము" అని అడిగెడివి. జనము సంకోచము లేక వ్రాసెడివారు. చిరునామా పుస్తకము ఒక్కటే చూడవలసినవారికి ఉత్తరములన్నియు చదువుటకు, మన పేరుమీద ఉత్తరములు వ్రాయుటకు, కడకు పాస్‌వర్డు మార్చి మనలనే బయటకు నెట్టుటకు కూడ వీలు చిక్కెడిది. ఈ దురవస్థను తప్పించుటకే 2007లో ఓఆథ్ అను పద్ధతి మొదటిసారి వెలువడినది. దానిని తిరుగవ్రాసిన రెండవ రూపము 2012 అక్టోబరులో ప్రమాణముగ ప్రకటింపబడినది. నేడు లోకమంతట వాడుకలో నున్నది ఈ రెండవదే. దాని సారము ఒక్క మాటలో చెప్పవచ్చును: పాస్‌వర్డు ఇవ్వవద్దు, చీటి ఇమ్ము.

మన దేశములోని ఉదాహరణమే తీసికొందము. 2015లో ప్రభుత్వము ఆరంభించిన డిజిలాకరులో డ్రైవింగు లైసెన్సు, పాన్ కార్డు, పరీక్షల మార్కుల పట్టిక మొదలగునవి దాచుకొనవచ్చునని వినియే యుందురు. ఇది ఇతర సంస్థలతో వ్యవహరించుటకు ఓఆథ్ పద్ధతినే అవలంబించినది. ఒక బ్యాంకులో క్రొత్త ఖాతా తెరచుచు, మీ పాన్ కార్డును డిజిలాకరునుండి తీసికొనుమని మీరు బ్యాంకు ప్రోగ్రామునకు చెప్పితిరనుకొందము. అప్పుడా ప్రోగ్రాము మిమ్ములను డిజిలాకరువారి పుటకు పంపివేయును. అచ్చట మీ మొబైలు సంఖ్య, ఫోనునకు వచ్చిన ఓ.టి.పి., మీ ఆరంకెల పిన్ను ఇత్తురు. ఇవి ఇచ్చునది డిజిలాకరునకు, బ్యాంకునకు కాదు. ఈ భేదమే ఇక్కడ ప్రాణము. తరువాత ఒక అనుమతి పత్రము కనబడును. ఫలాని సంస్థ, ఫలాని పత్రములు, ఫలాని పనికొరకు, ఫలాని తేదీవరకు చూడగోరుచున్నదని అందులో ఉండును. మనలో నూటికి ఎందరు దానిని చదువుదురో చెప్పలేము. చదువదగినది మాత్రము అదియే. మీరు సమ్మతించిన మరుక్షణము డిజిలాకరు ఒక చిన్న సంకేతపు సంఖ్యను చేతికిచ్చి మిమ్ములను తిరిగి బ్యాంకువారి పుటకు పంపును. బ్యాంకు కంప్యూటరు ఆ సంఖ్యను, తాను ఎవరో తెలుపు తన స్వంత రహస్యముతో జోడించి, డిజిలాకరునకు నేరుగా చూపి, అసలు టోకెనును పుచ్చుకొనును. ఇక ఆ టోకెనును కిటికీవద్ద చూపి పాన్ కార్డు తెచ్చుకొనును.

టోకెనును మొదటనే మీ చేతికి ఇచ్చి పంపక ఈ రెండు మెట్ల తిరుగుడు ఎందులకు? మీరు పుటనుండి పుటకు పోవు త్రోవ రాజవీథి వంటిది. అక్కడ ఎవరైన తొంగిచూడవచ్చును. సంకేతపు సంఖ్య దొంగ చేతిలో పడినను, దాని ఆయువు కొద్ది నిమిషములే. పైగా బ్యాంకు రహస్యము తోడు లేనిదే అది చెల్లదు. అసలు టోకెను రెండు కంప్యూటరుల నడుమ పెరటి ద్వారమున చేతులు మారును.

ఇంతకు ఆ టోకెను ఎట్లుండును? రెండు విధములు కలవు. పూర్వము బ్యాంకులో డబ్బు తీసికొనబోయినప్పుడు కౌంటరులో ఒక ఇత్తడి బిళ్ళ ఇచ్చెడివారు. దానిమీద ఒక సంఖ్య తప్ప ఏమియు ఉండదు. ఆ సంఖ్య ఎవరిది, ఎంత సొమ్మునకు అను వివరము లోపలి పుస్తకములో ఉండును. క్యాషియరు పుస్తకము చూచుకొని పిలుచును. టోకెనులలో ఒక జాతి ఇట్టిది. కిటికీవద్ద చూపినప్పుడెల్ల ఎవరో ఒకరు లోపలి పుస్తకము తిరుగవేయవలెను. రెండవ జాతి మా గేటు పాసు వంటిది. వివరమంతయు దానిమీదనే వ్రాసి, క్రింద సంతకము చేసి యుండును. కాపలాదారు ఆఫీసునకు టెలిఫోను చేయనక్కరలేదు. సంతకము గుర్తుపట్టిన చాలును. వేలకొలది కిటికీలు, క్షణమునకు లక్షలకొలది ప్రశ్నలు వచ్చుచోట ఈ రెండవ జాతియే ఎక్కువ అనుకూలము.

ఇట్టి వ్రాత టోకెనునకు 2015 మే నెలలో ఒక ప్రమాణము ఏర్పడినది. దాని పేరు జేసన్ వెబ్ టోకెన్. పొడి అక్షరములు జె.డబ్ల్యు.టి. ఉచ్చారణ మా వృత్తి గనుక ఇక్కడ ఒక మాట. ఈ మూడక్షరములను కలిపి 'జాట్' అని పలుకవలెనని ఆ ప్రమాణమే సూచించుచున్నది. సాంకేతిక శాసనములలో ఉచ్చారణను గూర్చి ఇంత శ్రద్ధ చూపినవి మేము ఎక్కువగా చూడలేదు.

చూచుటకు అది వందలకొలది రోమను అక్షరముల గజిబిజి. తేరిపార చూచినచో నడుమ రెండు చుక్కలు కనబడును. వానిచే అది మూడు ముక్కలుగ విభక్తమై యుండును. మొదటి ముక్క దాదాపు ఎల్లప్పుడు 'ఈ, వై, జె' అను మూడక్షరములతో మొదలగును. వ్రాత ఒక బ్రాకెటుతోను, కొటేషను గుర్తుతోను మొదలగుటచేత, దానిని ఆ అక్షరములలోనికి మార్చినప్పుడు ఇట్లు వచ్చుచున్నది. మొదటి ముక్కలో సంతకము ఏ పద్ధతిలో చేయబడినదో ఉండును. రెండవ ముక్కలో అసలు సంగతి. మూడవది సంతకము.

రెండవ ముక్కను విప్పిన మా గేటు పాసే కనబడును. ఇచ్చినవారెవరు, ఎవరిని గూర్చి ఇచ్చిరి, ఎవరికి చూపుటకు ఇచ్చిరి, ఎప్పుడు ఇచ్చిరి, ఎప్పటివరకు చెల్లును. కాలమును తేదీలలో వ్రాయక 1970 జనవరి 1వ తేదీ గ్రీనిచి అర్ధరాత్రి మొదలు గడచిన సెకనులలో వ్రాయుదురు. 180 కోట్లు అని వ్రాసియున్నచో, అది 2027 జనవరి 15వ తేదీ, మన గడియారములలో మధ్యాహ్నము ఒంటిగంటన్నర.

ఇక్కడ పలువురు పొరపడు విషయమొకటి గలదు. ఆ గజిబిజి చూచి అది రహస్యలిపి యనుకొందురు. కాదు. ఎవరైనను విప్పి చదువవచ్చును. ఇది లక్క ముద్ర వేసిన కవరు కాదు, సంతకము చేసిన పోస్టుకార్డు. పోస్టుమేను చదువగలడు, ఒక్క అక్షరము దిద్దినచో మాత్రము సంతకము సరిపడదు. కాబట్టి దాచవలసిన విషయములను అందులో వ్రాయరాదు. ఈ నియమము మరచి వ్యక్తుల సొంత వివరములను టోకెనులలో కుక్కిపెట్టు ప్రోగ్రాములను వ్రాయువారు నేటికిని లేకపోలేదు.

మరి కాగితము లేనిచోట సంతకమేమి, దానిని గుర్తుపట్టుట యేమి? 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ఒక ఆశ్చర్యకరమైన ఊహను ప్రకటించిరి. ఒక్క తాళపుచెవికి బదులు జంట తాళపుచెవులు ఉండవచ్చుననియు, ఒకటి దాచుకొని రెండవది ఊరంతటికి పంచిపెట్టవచ్చుననియు. మరుసటి యేడు రివెస్టు, షమీరు, ఆడిల్మను అను మువ్వురు ఆ ఊహను ఆచరణలో పెట్టు లెక్కను కనుగొనిరి. వారి పేర్ల మొదటి అక్షరములతో దానికి ఆర్.ఎస్.ఏ. అను పేరు వచ్చినది. సుమారు మూడువందల అంకెలు గల రెండు ప్రధాన సంఖ్యలను హెచ్చవేయుట కంప్యూటరునకు రెప్పపాటు పని. వచ్చిన 617 అంకెల లబ్ధమును మాత్రము ఇచ్చి, ఆ రెండును ఏవో కనుగొనుమన్నచో, నేటి కంప్యూటరులన్నియు కలిసినను ఉపయోగపడునంత కాలములో చేయజాలవు. లబ్ధము ఊరంతటికి, దాని కారణాంకములు యజమానికి. టోకెనులిచ్చు కార్యాలయము, వ్రాత నంతటిని పిండి ఒక చిన్న సారముగ చేసి, దానిమీద రహస్యపు తాళపుచెవితో గణితము చేసి సంతకము పుట్టించును. కాపలాదారు పంచిపెట్టిన తాళపుచెవితో దానిని సరిచూచును. ఇందలి చమత్కార మేమనగా, సరిచూడగలిగినవానికి సంతకము చేయు శక్తి లేదు. మా గేటువద్ద కాపలాదారు సంతకమును గుర్తెరిగినవాడే గనుక, దుర్బుద్ధి కలిగినచో దానిని అనుకరింపనైన ప్రయత్నింపగలడు. ఇక్కడ అదియు సాధ్యము కాదు.

గణితము ఇంత గట్టిది గనుక ఇక భయము లేదనుకొనరాదు. మోసము జరిగినప్పుడెల్ల గణితము ఓడలేదు, కాపలాదారు ఓడినాడు. 2015లో ఒక విడ్డూరము బయటపడినది. మొదటి ముక్కలో సంతకపు పద్ధతి వ్రాసియుండునంటిమి గదా. 'సంతకము ఏదియు లేదు' అని వ్రాయుటకు కూడ ప్రమాణములో వీలున్నది. కొన్ని ప్రోగ్రాములు ఆ మాటను నమ్మి, సంతకము లేని టోకెనులను లోనికి రానిచ్చుచుండినవి. "నా పాసుకు సంతకము అవసరము లేదని నా పాసుమీదనే వ్రాసియున్నది" అన్న వానికి గేటు తెరచినట్లు.

అంతకన్న ఘోరమైనది 2023లో జరిగినది. మైక్రోసాఫ్టు సంస్థవారి సంతకపు తాళపుచెవి ఒకటి చైనాకు చెందినవారని ఆ సంస్థ చెప్పిన ముఠా చేతిలో పడినది. అది 2016లో సామాన్యుల సొంత ఖాతాలకొరకు తయారైనది. కార్యాలయముల ఈమెయిలుకు దానితో పని లేదు. కాని అచ్చటి కాపలాదారు సంతకము నిజమైనదా యని చూచెనే గాని, ఈ సంతకమునకు ఈ గేటువద్ద అధికారమున్నదా యని చూడలేదు. ముఠావారు తమకు తామే టోకెనులు వ్రాసికొని, అమెరికా ప్రభుత్వోద్యోగుల ఉత్తరములు చదివిరి. ఆ దేశపు విదేశాంగ శాఖవారు జూను నెలలో పసికట్టువరకు సంగతి బయటపడలేదు. రహస్యపు తాళపుచెవి పోయిన పిదప పాస్‌వర్డులు ఎంత పదిలముగ దాచుకొన్నను ప్రయోజనమేమి?

కాబట్టి కాపలాదారు చూడవలసినవి పెక్కు. సంతకము సరియైనదా, ఆ సంతకము చేసినవారికి ఇచ్చట చెల్లుబాటు కలదా, ఈ చీటి నాకొరకే వ్రాసినదా, ప్రక్క గేటుకొరకా, గడువు తీరినదా. వీనిలో ఏ ఒక్కటి విడిచినను తక్కినవి వ్యర్థము.

గడువు సంగతి మా వంటివారికి ప్రీతికరమైనది. చీటి ఇచ్చిన కంప్యూటరు గడియారము, సరిచూచు కంప్యూటరు గడియారము ఒకటిగా నడువకున్నచో, ఇప్పుడే వ్రాసిన చీటి రేపటిదివలె కనబడవచ్చును. బ్రతికియున్నది చచ్చినట్లు కనబడవచ్చును. ఒకప్పుడు ఊరిలోని గడియారములన్నియు వార్తలకు ముందు రేడియోలో వినవచ్చు గంటలకు సరిచేసికొనెడివి. గోడ గడియారమునకు క్రింద కుర్చీ వేసికొని, ముల్లు పట్టుకొని, చివరి గంటకొరకు కాచుకొని నిలిచిన తండ్రులను మా తరమువారు మరువలేరు. కంప్యూటరులును అట్లే ఇంటర్నెట్టులోని కాలసూచికలను అడిగి తమ గడియారములను సరిచేసికొనుచుండును. అప్పటికిని కొద్ది నిమిషములవరకు వ్యత్యాసమును మన్నించుట వాడుక.

ఇప్పుడు టోకెనులలో రెండు తెగలను వేరుపరచి చెప్పవలెను; ఇంజనీర్లలో సైతము తికమకపడువారున్న తావు ఇది. ఏదేని వెబ్‌సైటులో క్రొత్తగా చేరునప్పుడు "గూగులు ఖాతాతో ప్రవేశింపుడు" వంటి మీటను చూచియుందురు. దాని వెనుకనున్నది 2014 ఫిబ్రవరిలో వెలువడిన ఓపెన్ ఐడి కనెక్ట్ అను పద్ధతి. ఇది ఓఆథ్ మీద కట్టిన మేడ. ఇందులో ప్రవేశ టోకెనుతోపాటు గుర్తింపు టోకెను అని మరియొకటి వచ్చును. గుర్తింపు టోకెను చెప్పునది: ఈ వ్యక్తి ఫలానివారు, ఫలాని వేళ మా యెదుట తమను ఋజువు చేసికొనిరి. ప్రవేశ టోకెను చెప్పునది: దీనిని తెచ్చినవారికి ఫలాని పనులు చేయుటకు అనుమతి కలదు. మొదటిది గుర్తింపు కార్డు, రెండవది స్టూడియో తలుపు తెరచు చీటి. విద్వాంసులు ఎవరో తెలిసినంత మాత్రమున వారికి ఏ స్టూడియోలోనికైన పోవు అధికారము కలుగదు; స్టూడియో తలుపు తెరువబడినంత మాత్రమున వచ్చినది విద్వాంసులే యని ఋజువు కాదు. గుర్తింపు టోకెను దానిని కోరిన ప్రోగ్రాము చదువుకొనుటకు. కిటికీవద్ద చూపవలసినది ప్రవేశ టోకెను. ఇది సామాన్య నియమము.

నియమమునకు లోబడిన వేరు ఏర్పాట్లును ఉన్నవి. పెద్ద సంస్థల కంప్యూటరులను నడపు కుబర్నెటీస్ అను వ్యవస్థ గుర్తింపు టోకెనునే తన ఏ.పి.ఐ. కిటికీవద్ద పుచ్చుకొనగలదు. చీటిలో 'ఎవరికి చూపుటకు' అన్న చోట తాను ఎదురుచూచు పేరున్నదో లేదో చూచి, వచ్చినవారెవరో తెలిసికొని, వారికి ఏ పనికి అధికారమున్నదో తన పట్టికలో వేరుగ వెదకును. ఇందు దోషము లేదు. దోషమెప్పుడనగా, ఎవరికో వ్రాసిన గుర్తింపు చీటిని ఇంకెవరో కిటికీ "సంతకము నిజమే గదా" అని ఒప్పుకొన్నప్పుడు. అట్టిచోట, మీరు ఒక ఆటలో చేరుటకు చూపిన చీటితో ఆ ఆట నడుపువాడు మీ పేరున మరియొక తలుపు తట్టగలడు.

టోకెనుల స్వభావములోనే ఇంకొక బలహీనత కలదు. బేరర్ చెక్కు మనకు తెలిసినదే. తెచ్చినవాడెవడైనను సొమ్ము వాని చేతికే. టోకెనులు పెక్కు అట్టివే; వానిని ఇంజనీర్లు బేరర్ టోకెనులనియే పిలుతురు. ఈ సందర్భమున కాళిదాసు అభిజ్ఞాన శాకుంతలము తలపునకు రాక మానదు. నాటకము పేరులోని అభిజ్ఞానమనగా ఆనవాలే. ఉంగరము నీటిలో జారిపోగా, దుర్వాసుని శాపముచే రాజు కట్టుకొన్న యిల్లాలినే ఎరుగనన్నాడు. ఆ ఉంగరమే చేప కడుపులో దొరకగా జాలరి చేతికి వచ్చినది. వానిని రాజభటులు దొంగ యని పట్టుకొనిరి. ఆ భటులకు తోచిన సందేహము బేరర్ టోకెను చూచు కాపలాదారునకు తోచదు. వానికి జాలరియు శకుంతలయు ఒక్కటే.

2018 సెప్టెంబరులో ఫేస్‌బుక్‌లో జరిగినది ఇదియే. 'నా పుట ఇతరులకు ఎట్లు కనబడును' అని చూచుకొను ఏర్పాటులోని లోపముచేత, ఇతరుల టోకెనులు దుండగుల చేతికి వచ్చినవి. మొదట 5 కోట్ల ఖాతాలని చెప్పి, తరువాత లెక్క సరిచూచి సుమారు 3 కోట్లని ఆ సంస్థ ప్రకటించినది. ఒక్క పాస్‌వర్డైనను పోలేదు. పోవలసిన అవసరమును లేకపోయెను. ముందు జాగ్రత్తగా 9 కోట్ల మందిని ఒక్కసారిగా బయటకు పంపి, మరల పాస్‌వర్డు చెప్పి లోనికి రమ్మనిరి.

దీనికి మందు ఆయువు తగ్గించుట. ప్రవేశ టోకెనులకు కొన్ని నిమిషములు మొదలు ఒక గంటవరకు గడువు పెట్టుట సాధారణము. దొంగకు దొరికినను ఎక్కువకాలము పనికిరాదు. మరి గంటకొకసారి మనలను పాస్‌వర్డు అడుగవలసి వచ్చును గదా? అందుకు పునరుద్ధరణ టోకెను అని ఇంకొకటి ప్రక్కన దాచియుంచుదురు. అది ఏ కిటికీవద్దను చూపునది కాదు. చీటిలిచ్చు కార్యాలయమునకు మాత్రమే చూపి క్రొత్త ప్రవేశ టోకెను తెచ్చుకొనుటకు. ఆ కార్యాలయమువద్ద పుస్తకమున్నది గనుక, వలదనుకొన్నప్పుడు పునరుద్ధరణను నిలిపివేయవచ్చును. సంతకము చేసి పంపిన ప్రవేశ టోకెనును మాత్రము గడువు తీరకముందు వెనుకకు పిలుచుట కష్టము. కాపలాదారు ఆఫీసునకు టెలిఫోను చేయనక్కరలేదని సంతోషించితిమి. ఆ సౌకర్యమునకు చెల్లించు వెల ఇది. మాకు తోచినంతవరకు సొమ్ముతో సంబంధించిన కిటికీలవద్ద ఒక మాటు లోపలి పుస్తకము చూచుటయే మేలు, ఆలస్యమైనను సరే.

చీటిని మనిషితో ముడిపెట్టు ప్రయత్నములును జరుగుచున్నవి. తిరుపతిలో ఆధారు కార్డు చూపి సర్వదర్శనపు టోకెను తీసికొన్నవారికి ఈ సంగతి సులభముగ బోధపడును. టోకెను ఫలాని మనిషిదని కట్టివేయబడినప్పుడు దానిని ఇంకొకరికి అమ్ముకొనుట కుదరదు. అట్లే, టోకెనుతోపాటు ఫోనులో దాగిన ఒక రహస్యపు తాళపుచెవి తనవద్ద ఉన్నదని ప్రతిసారి ఋజువు చేయవలెనను పద్ధతి 2023లో ప్రమాణముగ వచ్చినది. అప్పుడు టోకెనును దొంగిలించిన చాలదు. ఆ తాళపుచెవిని కూడ దొంగిలించవలెను. ఈ పద్ధతి అన్ని చోట్ల ఇంకను వాడుకలోనికి రాలేదు.

ఇంటిలోనివారికి ఇందువలన తెలియవలసినవి కొన్ని ఉన్నవి. ఫోను పోయినదని పాస్‌వర్డు మార్చి ఊరకుండరాదు. పోయిన ఫోనులోని టోకెనులు ఇంకను బ్రతికియుండవచ్చును. "అన్ని పరికరముల నుండి నిష్క్రమించుము" అని ఖాతాలలో ఉండు మీటను కూడ నొక్కవలెను. పునరుద్ధరణ అంతటితో నిలిచిపోవును. ఓ.టి.పి.ని ఎవరికిని చెప్పవద్దని బ్యాంకులవారు పదే పదే మొరపెట్టుటకు కారణమును ఇదియే. ఓ.టి.పి. దానంతట అది చిన్న సంఖ్య. కాని దానికి బదులుగ లభించునది మీ పేరుమీద సంతకము చేసిన చీటి.

మరియొకటి. గూగులు ఖాతాలో, మనము ఏ యే ప్రోగ్రాములకు ఏ యే అనుమతులు ఇచ్చితిమో చూపు పట్టిక ఒకటి కలదు. ఈ ప్రసంగము వ్రాయుటకు కూర్చున్న దినమున మేము మా పట్టికను తెరచి చూచితిమి. పదునాలుగు పేర్లున్నవి. వానిలో తొమ్మిదింటిని ఎన్నడు చేర్చుకొంటిమో మాకే జ్ఞాపకము లేదు. ఒకటి, ఫోటోలకు రంగులు దిద్దుదుమని చెప్పిన ప్రోగ్రాము. మూడేండ్ల క్రిందట ఇంటిలో ఒక పెండ్లి సందర్భమున పిల్లలు పెట్టినది. దానికి మా ఉత్తరములన్నియు చదువు అనుమతి ఉన్నది. రంగులు దిద్దువానికి ఉత్తరములతో నేమి పని? ఆనాడు ఆ అనుమతి పత్రము మా తెరమీదనే కనబడియుండును. సరేనని తాకినదియు మా వ్రేలే కావలెను. ఆ పేరు ప్రక్కన నున్న తొలగింపు మీట నొక్కితిమి. అర నిమిషము పట్టలేదు. తక్కిన ఎనిమిదింటిని ఆ రాత్రి భోజనమైన తరువాత పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒక్కొక్కటిగా చూచి తీసివేసితిమి.